బద్వేలు–నెల్లూరు ఫోర్‌ లేన్‌: టోల్‌ ఎవరిది, ఏ చట్టం కిందికి వస్తుంది?

ఆత్మకూరు, మర్రిపాడు జనాలకు నెల్లూరు–ముంబై హైవే కొత్తేం కాదు. అదే ఎన్‌హెచ్‌-67. ఈ రూట్‌లో కొత్త కారిడార్‌కు 2025 మే 28న కేంద్ర కేబినెట్‌ ఓకే చెప్పింది. కడప జిల్లా గోపవరం నుంచి నెల్లూరు జిల్లా గురువిందపూడి దగ్గర చెన్నై–కోల్‌కతా హైవేని కలిసేదాకా 108.134 కిలోమీటర్ల ఫోర్‌ లేన్‌ వేస్తారు. ఖర్చు రూ.3,653.10 కోట్లు. ఇప్పుడున్న దారిలో కృష్ణపట్నం పోర్టుకు 142 కిలోమీటర్లు. కొత్త రోడ్డు వస్తే అది 108కి తగ్గుతుందని, గంట టైమ్‌ కలిసొస్తుందని కేంద్రం చెబుతోంది.

అప్పట్లో అందరూ దూరం గురించే మాట్లాడుకున్నారు. అదే ప్రకటనలో డీబీఎఫ్‌ఓటీ అనే ఇంకో మాట కూడా ఉంది. అంటే డిజైన్‌, నిర్మాణం, పెట్టుబడి, నిర్వహణ అన్నీ ప్రైవేటు కంపెనీవే. ఒప్పందం గడువు అయిపోయాక రోడ్డును ప్రభుత్వానికి అప్పగించాలి. అప్పటిదాకా టోల్‌ వసూలు చేసుకుని పెట్టిన డబ్బు రాబట్టుకుంటుంది. పీపీపీ అంటే ఇదే. బండ్లు తక్కువ తిరిగితే నష్టం కంపెనీకే. హ్యామ్‌ పద్ధతిలో అలా కాదు. అందులో ఖర్చులో 40 శాతం పనులు జరిగేటప్పుడే ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది తర్వాత వాయిదాల్లో కడుతుంది. టోల్‌ డబ్బు కూడా ప్రభుత్వానికే వెళ్తుంది.

మరి రాష్ట్ర చట్టం సంగతేంటి?

పీపీపీ ప్రాజెక్టుల కోసం ఏపీకి ఎప్పుడో సొంత చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2001లో వచ్చిన ఏపీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్‌ డెవలప్‌మెంట్‌ ఎనేబ్లింగ్‌ యాక్ట్‌ అది. ప్రాజెక్టులను పరిశీలించడానికి ఒక అథారిటీ, గొడవలొస్తే రాజీ చేయడానికి ఒక బోర్డు ఈ చట్టంలోనే ఉన్నాయి. స్విస్‌ ఛాలెంజ్‌ కూడా ఇందులోదే. ఒక కంపెనీ తనంతట తానే ప్రతిపాదన తెస్తే, దానికంటే మంచి ఆఫర్‌ ఇస్తారా అని మిగతావాళ్లను పిలుస్తారు. 2016లో అమరావతి స్టార్టప్‌ ఏరియా విషయంలో ఈ పద్ధతే హైకోర్టు దాకా వెళ్లింది. రోడ్ల విషయానికొస్తే, ఉమ్మడి రాష్ట్రంలో బీఓటీ పద్ధతిలో ఇచ్చిన నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు చాలామందికి తెలిసిందే. రాష్ట్ర విభజన తర్వాత ఆ ఒక్క రోడ్డే రెండు రాష్ట్రాల్లోకి వెళ్లింది.

ఇంకో చట్టం కూడా వచ్చింది, పోయింది. 2019లో తెచ్చిన జ్యుడీషియల్‌ ప్రివ్యూ చట్టం ప్రకారం రూ.100 కోట్లు, ఆపైన ఉన్న ప్రాజెక్టుల టెండర్‌ డాక్యుమెంట్లు ముందు జడ్జి దగ్గరికి వెళ్లాలి. వాటిని వెబ్‌సైట్‌లో పెట్టి వారం పాటు జనం సలహాలు కూడా తీసుకునేవారు. 2024లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. దాంతో టెండర్‌కు ముందే మాట చెప్పే ఆ వారం గడువూ పోయింది. నిజానికి అప్పుడు కూడా ఆ అవకాశం ఉందని తెలిసినవాళ్లు ఎంతమంది అనేది వేరే సంగతి.

అయితే ఇవన్నీ రాష్ట్ర ప్రభుత్వ ప్రాజెక్టులకే. బద్వేలు–నెల్లూరు కారిడార్‌ జాతీయ రహదారి కాబట్టి 1956 నాటి నేషనల్‌ హైవేస్‌ యాక్ట్‌ కిందికి వస్తుంది. భూమి పోయే రైతులు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇక్కడే. సెక్షన్‌ 3ఏ కింద నోటిఫికేషన్‌ వచ్చిన రోజు నుంచి 21 రోజుల్లోపే రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. నోటిఫికేషన్‌ సారాంశాన్ని స్థానికంగా రెండు పేపర్లలో వేయాలి, వాటిలో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. పరిహారం లెక్క మాత్రం 2013 భూసేకరణ చట్టం ప్రకారమే. ఆ రేటు నచ్చకపోతే కేంద్రం నియమించే ఆర్బిట్రేటర్‌ దగ్గరికి వెళ్లాలి.

టోల్‌ రేట్లను కూడా కంపెనీ తన ఇష్టానికి పెట్టుకోలేదు. జాతీయ రహదారులకు 2008 ఫీజు రూల్స్‌ ఉన్నాయి. ఏటా 3 శాతం, దానికి తోడు టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలిపి రేటు మారుస్తారు. టోల్‌ ప్లాజాకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్ల సొంత కార్లకు నెలవారీ పాస్‌ ఇస్తారు. కానీ పక్కన సర్వీస్‌ రోడ్డో, వేరే దారో ఉంటే ఆ పాస్‌ అడగడం కుదరదు.

ఇక ఉదయగిరి వైపు చూస్తే, చాలా రోడ్లు ఆర్‌ అండ్‌ బీవే. వాటిలో దేన్నైనా రేపు పీపీపీకి ఇస్తే అప్పుడు రాష్ట్ర చట్టం, రాష్ట్రం రాసుకున్న ఒప్పందమే లెక్క. 2024 నవంబర్‌లో రాష్ట్ర రోడ్లను ఈ పద్ధతిలో ఇచ్చే ఆలోచనను సీఎం చంద్రబాబు అసెంబ్లీలో ప్రస్తావించారు. ముందు గోదావరి జిల్లాల్లో చేసి చూద్దామన్నారు. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు టోల్‌ ఉండదని కూడా చెప్పారు. సభలో చెప్పిన మాట ఒప్పందంలోకి ఎక్కిందా లేదా అనేది ఆ కాగితం చూస్తేనే తెలుస్తుంది.

కారు ఉన్నవాళ్లకు ఇంకో విషయం. 2025 ఆగస్టు 15న రూ.3,000 ధరతో మొదలైన ఫాస్టాగ్‌ యాన్యువల్‌ పాస్‌ జాతీయ రహదారుల ప్లాజాల్లోనే చెల్లుతుంది. రాష్ట్ర రోడ్డు మీద టోల్‌ పెడితే అక్కడ డబ్బులు మళ్లీ కట్టాల్సిందే.