పిల్లికి నట్టల మందు.. బరువు చూశాకే

పెంపుడు పిల్లికి నట్టల మందు వేయించడం ఇంట్లోని చిన్నారులకూ రక్షణే. పిల్లి మలంతో మట్టిలో చేరిన ఏలికపాముల గుడ్లు కొన్ని వారాల్లో సంక్రమించే దశకు చేరుకుంటాయి. అవి పిల్లల నోట్లోకి వెళితే, పొదిగిన పురుగు పిల్లలు కంటికి చేరి చూపును దెబ్బతీసే ప్రమాదం ఉంది.

ఏలికపాములు తల్లి పాల ద్వారా కూడా కూనలకు సోకుతాయి. పొట్ట ఉబ్బి, ఒళ్లు చిక్కి, బొచ్చు కళ తప్పడం వీటి లక్షణాలు. తోక కింద బియ్యపు గింజల్లాంటి ముక్కలు కనిపిస్తే అవి బద్దె పురుగులు.

ఏలికపాములకు పైరాంటెల్, బద్దె పురుగులకు ప్రాజిక్వాంటెల్ వాడతారు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు. కూనలకు 3వ వారం నుంచి 2 వారాలకోసారి, 8 వారాలు నిండాక 6వ నెల వరకు నెలకోసారి, ఆపై సాధారణంగా 3 నెలలకోసారి మందు వేయాలి.

మోతాదును బరువును బట్టి పశువైద్యుడే నిర్ణయించాలి. పిల్లిని ఎత్తుకుని తూకం చూసి, అందులోంచి మనిషి బరువు తీసివేస్తే దాని బరువు తెలుస్తుంది. కుక్కల మాత్రను అందాజుగా తుంచి వేయరాదు. మాత్రను నాలుక మొదట్లో ఉంచి, నోరు మూసి, గొంతు నిమిరితే పిల్లి మింగుతుంది. ద్రవ మందునైతే చెంప పక్కగా కొద్దికొద్దిగా పోయాలి.