గూడబాతుల గ్రామములు



మాఘము గడచి ఫాల్గుణము ప్రవేశించు ఈ దినములలో మన చెరువులయందు గొప్ప సందడి జరుగుచుండును. శీతకాలమున ఉత్తరదేశములనుండి వచ్చిన సూదితోకబాతులు తిరుగుప్రయాణమునకు గుమికూడును. మన దేశముననే పుట్టు గూడబాతుల పిల్లలు గూటియంచున నిలిచి రెక్కలు సవరించుకొనును. రాయలసీమలోని వీరాపురమున ఎఱ్ఱకాళ్లకొంగలు చింతకొమ్మలపై పుల్లలు పేర్చుచుండును. ఇట్టి సమయమున ఆ పక్షులకును మన గ్రామములకును గల పూర్వసంబంధమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. రాజుల చరిత్రకు రాతిశాసనము లున్నవి. ఈ చరిత్రకు ఊరిచెట్లే శాసనములు.

గూడబాతు ముక్కు క్రింద తోలుసంచి వ్రేలాడు పెద్దపక్షి. రైతు గూడతో కాలువనీరు తోడునట్లు ఇది ఆ సంచితో నీటిని చేపలతో సహా ఎత్తి, నీటిని జార్చి, చేపను మ్రింగును. పేరు పెట్టిన పెద్దలెవరో కాని సార్థకముగా పెట్టిరి. నీటికి దాపున ఊరిలో తగిన చెట్లున్నచో మనుష్యులకు వెఱవక వానిమీదనే ఇది గుంపులుగా గూళ్లు కట్టును. ఊరివారు వేటగానిని దరికి రానీయరు. రెట్ట కలసిన చెరువునీరు పైరునకు ఎరువగును. ఇట్లు వ్రాతలేని యొడంబడిక యొకటి తరతరములుగా సాగినది.

దీనిని గ్రంథస్థము చేసినవారిలో జెర్డన్ ప్రాచీనుడు. చెన్నపట్టణపు సైన్యమున వైద్యుడుగా నుండిన ఈతడు 1862-64 సంవత్సరములలో భారతదేశపు పక్షులను గూర్చి గొప్పగ్రంథము ప్రకటించి, అందు అనేకపక్షుల తెలుగుపేర్లను సైతము చేర్చెను. దక్షిణదేశమున నొక గ్రామమధ్యమున గూడబాతులు గూళ్లు కట్టి జనుల రాకపోకలను లెక్కచేయక నివసించుట తాను చూచితిననియు, చిరకాలమునుండి ఇట్లే జరుగుచున్నదని తనకు చెప్పిరనియు ఈతడు వ్రాసెను.

1902లో కడపజిల్లాయందు, ఆంగ్లగ్రంథములలో బుచ్చుపల్లె యని కనబడు గ్రామమున, గూడబాతులు ఎఱ్ఱకాళ్లకొంగలతో కలసి మార్చినెలలో గూళ్లు కట్టియుండుట కనుగొనబడెను. తరువాతివారికి ఆ గూళ్ల జాడ మరల దొరకలేదు. 1946లో కె. కె. నీలకంఠన్ అను కేరళ పక్షిశాస్త్రజ్ఞుడు పశ్చిమగోదావరిజిల్లా ఆరేడులో గొప్ప గుంపును కనుగొనెను. అప్పుడచ్చట సుమారు 3000 గూళ్లుండెను. ఆరేడు గూళ్లును నిలువలేదు. అనంతరము కొల్లేటిప్రాంతమున గూళ్లు కట్టిన గుంపులును 1970 తరువాత కొలదియేండ్లలోనే చెదరిపోయెను. ఒక మనుష్యుని ఆయుర్దాయము చాలునంత కాలములో మూడుచోట్ల దీపములు ఆరిపోయినవి.

కారణములు మనకు తెలియనివి కావు. చెట్టు అమ్మబడును, చెరువు పూడ్చబడును, వేటగాడు వచ్చును, పెద్దలు మందలింపక యూరకుందురు. కొల్లేటినే చూడుడు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని పట్టియుంచి ఉప్పుటేరుద్వారా సముద్రమున కంపు ఈ సరస్సు కొంతభాగము చేపలచెరువులుగా మారిపోయెను. 1999లో దీనిని అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయప్రాముఖ్యముగల చిత్తడినేలలలో చేర్చిరి. 2006లో ప్రభుత్వమువారు చేపలచెరువుల గట్లను త్రెంచివేసిరి. వానినే నమ్ముకొని బ్రతికిన కుటుంబములకు అది తీరని కష్టమయ్యెను. ముందే జాగ్రత్తపడియున్నచో పక్షికిని బీదవానికిని ఈ తగవు వచ్చియుండదు. నేడు కైకలూరు చేరువనున్న ఆటపాకలో గూడబాతులు మరల పిల్లలను పెంచుచున్నవి. కాని చెట్లు చాలక అటవీశాఖవారు నీటిలో ఇనుపమంచెలు నిలుపగా, వానిపై గూళ్లు కట్టుచున్నవి. దాతలేని బిడ్డకు సత్రపుకూడువలె నున్నది ఆ దృశ్యము.

అయినను నిరాశ పడవలసిన పనిలేదు. శ్రీకాకుళముజిల్లా తేలినీలాపురమున గూడబాతులును ఎఱ్ఱకాళ్లకొంగలును ఏటేట వచ్చి ఊరిచెట్లపై గూళ్లు కట్టుచున్నవి. అవి రానియేడు ఊరికి మేలుకాదని అచ్చటివారి నమ్మకము. వీరాపురపువారు కొంగలను అతిథులుగా చూతురు. గుంటూరు చెంతనున్న ఉప్పలపాటి చెరువు పలుజాతుల పక్షులకు ఆశ్రయము. నెల్లూరుసీమలోని నేలపట్టు 1976లో పక్షిరక్షణకేంద్ర మయ్యెను. తమిళదేశమున కూంతన్‌కుళము గ్రామస్థులు దీపావళినాడు సైతము టపాసులు కాల్చరు. 1906లో ఒక దొర చూచిన ఆ గూళ్లు నేటికిని నిలిచియున్నవి. చట్టము వేటగానిని శిక్షించును. వేటగానికి చెట్టు చూపకుండునది మాత్రము ఊరే.

నేను బడిలో పనిచేసిన దినములలో ఫాల్గుణమున నొక ఉదయము పిల్లలను చెరువుగట్టునకు తీసికొనిపోవుట వాడుక చేసికొంటిని. ప్రొద్దు పొడువకముందే బయలుదేరవలెను. గూళ్లున్న చెట్టు క్రిందికి పోరాదు. తల్లిపక్షి బెదరి లేచినచో కాకియో గ్రద్దయో గ్రుడ్లను ఎత్తుకొనిపోవును. దూరమున మౌనముగా కూర్చుండి, పిల్లలచేత గూళ్లు లెక్కపెట్టించి, సంఖ్యను పలకపై వ్రాయించెడివాడను. ఒక్కొక్కని లెక్క ఒక్కొక్క విధముగా వచ్చెడిది. మరల లెక్కింపుడనగా మరింత శ్రద్ధతో చూచెడివారు. శాస్త్రమునకు అదియే ఓనమాలు.

గ్రామవృద్ధులారా, మీకు నా విన్నపము ఒక్కటి. మీ ఊరికి ఏ పక్షి ఏ మాసమున వచ్చునో, ఏ చెట్టుపై దిగునో, మీ తాతలు ఏమి చెప్పిరో ఒక పుస్తకమున వ్రాయించి పంచాయతీలో నుంచుడు. ఏటేట గూళ్ల లెక్కయు అందు చేర్చుడు. ఆ చెట్టును ఎవరైన బేరమాడ వచ్చినప్పుడు ఆ పుస్తకము తెఱచి చూపుడు. ఇప్పటికే మూడు గ్రామములు కథలలో చేరినవి. నాలుగవది మీ గ్రామము కాకుండుగాక.