జామకాయ మనకంటే ముందే సముద్రాలు దాటింది

సెలవు రోజు సాయంత్రం క్యాంపు దగ్గరి దుకాణంలో అరకిలో జామకాయలు కొని గదికి తెచ్చామనుకోండి. పై బెడ్డు మీది కేరళ మిత్రుడు 'పేరక్క' అంటాడు. తమిళ తమ్ముడు 'కొయ్యాపళం' అంటాడు. బంగ్లాదేశ్ అన్న 'పేయారా' అనీ, యూపీ భాయి 'అమ్రూద్' అనీ అంటారు. పక్క గది ఫిలిప్పీన్స్ అతను 'బయాబస్' అంటే, ఈజిప్టు ఫోర్‌మన్ 'గవాఫా' అంటాడు. అందరూ ఉప్పూ కారం అద్దుకుని తినేది ఒకే కాయ. మరి ఇన్ని పేర్లెందుకు? ఆ కాయ ఏ దారిన ఎవరి ఊరికి చేరిందో ఆ పేర్లే చెబుతాయి.

పుట్టిల్లు ఎక్కడ?

బావి దగ్గర, పెరట్లో, బడి గోడ పక్కన చిన్నప్పటి నుంచీ చూశాం కాబట్టి జామ మన నేలలోనే పుట్టిందనుకుంటాం. కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండంలోని వేడి ప్రాంతాలు. పెరూ సముద్రతీరంలో జరిగిన తవ్వకాల్లో వేల ఏళ్ళ నాటి జామ ఆనవాళ్ళు దొరికాయి.

1492లో కొలంబస్ ఓడలు కరీబియన్ దీవులకు చేరాయి. అక్కడ టైనో అనే జనం ఉండేవారు. వాళ్ళ మాట నుంచే స్పానిష్ వాళ్ళ 'గ్వాయాబా' వచ్చింది. 1526లో అచ్చయిన తన పుస్తకంలో ఒవియేదో అనే స్పెయిన్ రచయిత ఈ చెట్టు గురించి రాశాడు.

పేరు పెట్టినవాళ్ళ గతి

పండు పేరు దేశదేశాలు తిరిగింది గానీ, ఆ పేరు పెట్టినవాళ్ళ కథ వేరు. స్పెయిన్ దొరలు టైనోలను ఊళ్ళకు ఊళ్ళుగా పంచుకున్నారు. బంగారు గనుల్లో వెట్టిచాకిరి చేయించారు. మగవాళ్ళు గనుల పాలైతే పొలాలు బీడు పడ్డాయి, ఆకలి వచ్చింది. 1518లో మశూచి వచ్చి పడింది. కొలంబస్ వచ్చిన అరవై డెబ్బై ఏళ్ళు తిరిగేసరికి ఆ జనం దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. మేము వాళ్ళ సంతతేనని చెప్పుకునే కుటుంబాలు మాత్రం ఆ దీవుల్లో ఇప్పటికీ ఉన్నాయి.

ఓడలెక్కిన కాయ

పోర్చుగీసు వాళ్ళు 1500లో బ్రెజిల్ చేరారు, 1510లో గోవాను పట్టుకున్నారు. రెండు చోట్లా వాళ్ళ ఓడలే. ఆ ఓడల మీదే జామ మన దేశానికి వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. వాళ్ళు దీన్ని 'గొయాబా' అనేవారు. తమిళుల 'కొయ్యా' అదే. పోర్చుగీసులో 'పేరా' అంటే బేరిపండు. జామ చూడ్డానికి బేరిపండులా ఉంటుంది కదా! మలయాళుల 'పేరక్క', బెంగాలీల 'పేయారా', సింహళుల 'పేర' ఆ మాట నుంచి వచ్చినవే. ఉత్తరాది వాళ్ళ 'అమ్రూద్' పారసీ మాట. దాని అర్థం కూడా బేరిపండే.

ఫిలిప్పీన్స్‌కు వేరే దారి. 1565 నుంచి 1815 వరకు మెక్సికోకూ మనీలాకూ మధ్య స్పానిష్ సరుకు ఓడలు తిరిగాయి. అలా 'గ్వాయాబా' అక్కడ 'బయాబస్' అయింది. అరబ్బుల 'జవాఫా' కూడా ఆ మాటకు చుట్టమే. ఈజిప్టు వాళ్ళు 'జ'ను 'గ' అంటారు కాబట్టి వాళ్ళ నోట అది 'గవాఫా'.

మరి మన జామ? మలేషియాలో దీన్ని 'జంబు బతు' అంటారు, అంటే రాతి జంబు. సంస్కృతంలో జంబూ అంటే నేరేడు. మన జామ ఆ మాటలకు దగ్గరగానే వినిపిస్తుంది. నేరేడు, లవంగం, నీలగిరి, జామ అన్నీ ఒకే కుటుంబపు చెట్లు కూడా.

ఎలా నాటుకుంది?

జామకు గొప్ప నేల అక్కర్లేదు, కొంత ఎండనూ ఓర్చుకుంటుంది. అంటు మొక్క రెండు మూడేళ్ళకే కాపుకొస్తుంది. చిలకలు, గబ్బిలాలు గింజలను దూరాలకు మోస్తాయి. చిలక కొట్టిన కాయే తీపి అని మనం వెతుక్కుని తినేది అందుకే కాబోలు. ఈ మొండితనమే కొన్ని చోట్ల చేటయింది. గలాపగోస్ దీవుల్లో జామ అడవిని ఆక్రమించి తీసెయ్యలేని కలుపైంది.

మన దగ్గర మాత్రం అన్నం పెట్టే చెట్టయింది. ఈ రోజు ప్రపంచంలో జామ ఎక్కువగా పండించేది భారతదేశమే. సంగారెడ్డి పండ్ల పరిశోధన కేంద్రం వాళ్ళు మన కోహీర్ జామనూ అలహాబాద్ సఫేదానూ కలిపి 'కోహీర్ సఫేదా' అనే రకాన్ని తయారు చేశారు. పరదేశం నుంచి వచ్చిన కాయ చివరికి మన ఊరి పేరే పెట్టుకుంది. వంద గ్రాముల జామలో రెండు వందల మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది, నారింజలో ఉండేది అందులో నాలుగో వంతే. ఎండలో పని చేసేవాళ్ళు చవగ్గా దొరికినప్పుడు వదలకూడని కాయ.

గనుల్లో చచ్చిన టైనోల పేర్లు ఏ దొరా రాసిపెట్టలేదు. వాళ్ళ నోటి మాట ఒకటి మాత్రం ఐదు వందల ఏళ్ళు దాటి, మన పక్క బెడ్డు మనిషి నోట బతికే ఉంది. ఈసారి జామకాయ కోసినప్పుడు గదిలో ఒక్కొక్కరినీ అడగండి, మీ భాషలో దీన్ని ఏమంటారని. ఓ ముక్క చేతిలో పెట్టి మరీ అడగండి.