పచ్చ గాజు వెనుక తెల్ల దీపం

అమెరికాలో చెసపీక్ అఖాతపు తీరాన ఉండే మిత్రుడొకడు తన తెరచాప పడవకు ఎల్ఈడీ దీపాలు పనికివస్తాయా అని అడిగాడు. ముప్పై అడుగుల పాత పడవ. ఎడమ పక్కన ఎర్ర దీపం, కుడి పక్కన పచ్చ దీపం, వెనుక తెల్లది, కొయ్య కొసన లంగరు దీపం. అన్నీ తీగ బల్బులే. "బుడ్లు అలాగే ఉంచి లోపలి బల్బు ఒక్కటీ మారిస్తే సరిపోదూ?" అన్నాడు. సరిపోతుందనే నేనూ అనుకున్నాను. ఎందుకైనా మంచిదని ఈ దీపాల పుట్టుక వెదుకుతూ పోతే 1848 దగ్గర తేలాను.

తెరచాప ఓడల కాలంలో గాలి వాలును బట్టి ఎదుటి ఓడ ఎటు పోగలదో కొంతవరకు ఊహించవచ్చు. ఆవిరి ఓడ గాలికి ఎదురుగానూ వస్తుంది. రాత్రిపూట అది ఎటు తిరిగి ఉన్నదో తెలిసే మార్గం కావాలి. 1848లో బ్రిటిష్ నౌకాశాఖ ఆవిరి ఓడలకు కొయ్య మీద తెలుపు, కుడిన పచ్చ, ఎడమన ఎరుపు నిర్ణయించింది. తెరచాప ఓడలకు రంగు దీపాలు రావడానికి మరో పదేళ్ళు పట్టింది. 1863లో ఫ్రాన్సు, బ్రిటన్లు ఒకే నియమావళికి ఒప్పుకున్నాక మిగతా దేశాలూ ఆ దారిన నడిచాయి. ఇప్పుడు అమలులో ఉన్నది 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం. 1977 జూలైలో అమలులోకి వచ్చింది.

ఈ నియమాలలో నన్ను ఆకర్షించినది ఒకటున్నది. లోపల మండేది చమురా, విద్యుత్తా అని అవి పట్టించుకోవు. ఎదుటి ఓడ మీదివాడికి ఏ రంగు, ఏ కోణంలో, ఎంత దూరం నుంచి కనబడాలన్నదే వాటి లెక్క. పక్క దీపం నేరుగా ముందునుంచి మొదలై తన వైపు 112.5 డిగ్రీల మేర మాత్రమే కనబడాలి. పన్నెండు మీటర్లలోపు పడవకు పక్క దీపాలు ఒక నాటికల్ మైలు, లంగరు దీపం రెండు మైళ్ళు కనబడితే చాలు. రెండు మైళ్ళకు కావలసిన కాంతి 4.3 కాండెలాలు, అంటే ఇంచుమించు నాలుగు కొవ్వొత్తుల వెలుగు! వెలుగు చాలదన్న బెంగ ఎల్ఈడీ విషయంలో అనవసరం. చిక్కంతా రంగుతోనూ, కోణంతోనూ.

చమురు దీపపు మంట పసుపు. దాని ముందు అచ్చమైన పచ్చ గాజు కంటె కాస్త నీలి ఛాయ ఉన్న గాజు పెడితేనే దూరానికి పచ్చగా కనబడుతుంది. తీగ బల్బు వెలుగూ పసుపు వైపు మొగ్గేదే కనుక అది వచ్చాకా ఆ గాజు చెల్లింది. తెల్ల ఎల్ఈడీ అలా కాదు. అది అసలు నీలి దీపం; పైన పూసిన పొడి ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపుగా మారుస్తుంది. అందులో నీలం ఎక్కువ, ఎరుపు తక్కువ. పాత పచ్చ గాజు వెనుక అది నీలంగా తేలుతుంది, ఎర్ర గాజు వెనుక వెలవెలబోతుంది. 1962లో హోలోన్యాక్ ఎర్ర ఎల్ఈడీని చేసి చూపాడు; ప్రకాశవంతమైన నీలం 1993లో నకమురాతో వచ్చింది. 2014 నోబెల్ నీలానికే దక్కింది. హోలోన్యాక్‌కు అందులో వాటా ఇవ్వకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇక కోణం. సన్నని తీగ ఒక గీతలాంటిది. అడ్డుపలక దగ్గర దాని వెలుగు చటుక్కున తెగుతుంది. చుట్టూ దీపాలు పొదిగిన లావాటి ఎల్ఈడీ బల్బు అంచు అలా తెగదు. హద్దు దాటాక ఒకటి నుంచి మూడు డిగ్రీలలోపు కాంతి తెగిపోవాలన్నది నియమం. మిత్రుడు బల్బులు మార్చిన సాయంత్రం నేను చిన్న తెప్పలో ఎదురుగా వెళ్ళి చూశాను. నేరుగా ముందున్నప్పుడు ఎరుపు, పచ్చ రెండూ కనబడటం సబబే. పక్కకు జరిగాక ఒకటి మాయం కావాలి. బాగా జరిగినా రెండూ కనబడుతూనే ఉన్నాయి! ఎదుటి చుక్కాని దగ్గర ఉన్నవాడు దీన్ని చూసి, పడవ తన మీదికే వస్తున్నదనుకొని, తిప్పకూడని వైపు తిప్పితే? పైగా బుడ్డిని ఏ బల్బుతో పరీక్షించారో దాని మీదే వ్రాసి ఉన్నది. బల్బు మారితే ఆ ధ్రువీకరణ చెల్లదు.

మరో సంగతి నాకు అసలే తోచలేదు. తీగ బల్బు పోతే ఒక్కసారిగా పోతుంది, తెలుస్తుంది. ఎల్ఈడీ ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా మసకబారుతుంది. వెలుగుతూనే ఉంటుంది కనుక యజమానికి అనుమానం రాదు. అందుకే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2007లో పెద్ద ఓడల ఎల్ఈడీలకు కాంతి తగ్గితే హెచ్చరించే ఏర్పాటైనా ఉండాలి, లేదా నిర్ణీత ఆయుష్షు తీరగానే మార్చాలి అన్నది. చిన్న పడవవాడు ఆ పని తానే చేసుకోవాలి.

ఇంత చెప్పినా నేను ఎల్ఈడీకి విరోధిని కాను. లంగరు దీపం రాత్రంతా వెలగాలి. పది వాట్ల బల్బు పన్నెండు వోల్టుల మీద పన్నెండు గంటలకు పది ఆంపియర్-అవర్లు త్రాగుతుంది. రెండు వాట్ల ఎల్ఈడీకి రెండు చాలు. బ్యాటరీ అయిపోతుందని దీపం ఆర్పి పడుకొనే పడవ కంటె వెలిగి ఉన్నది ఎన్నో రెట్లు నయం.

చివరకు మిత్రుడు దీపాలన్నిటికీ ఎల్ఈడీతోనే పరీక్షించిన బుడ్లు కొన్నాడు. పచ్చ బుడ్డిలో పచ్చ ఎల్ఈడీయే ఉన్నది. రేడియో ఒక్కటి మిగిలింది. కొన్ని ఎల్ఈడీల లోపలి విద్యుత్ పరికరం వీహెచ్‌ఎఫ్ రేడియోను చెడగొడుతున్నదని అమెరికా తీర రక్షక దళం 2018 ఆగస్టులో హెచ్చరించింది. కొయ్య కొసన దీపమూ ఏంటెన్నా పక్కపక్కనే ఉంటాయి మరి. సద్దు లేని చానెల్ పెట్టి, దీపాలు ఆర్పి ఒకసారి, వెలిగించి ఒకసారి వినమన్నాను. ఇంకా వినలేదట.