నల్లబల్ల లేని పాఠం

1930లో భౌతికశాస్త్రవేత్త సర్ జేమ్స్ జీన్స్ బీబీసీ మైకు ముందు కూర్చుని నక్షత్రాల గురించి మాట్లాడాడు. చేతిలో సుద్దముక్క లేదు, వెనక నల్లబల్ల లేదు. ఆ ప్రసంగాలే పెరిగి మరుసటి ఏడాది ‘ద స్టార్స్ ఇన్ దెయిర్ కోర్సెస్’ పుస్తకమయ్యాయి. ఆకాశం నీలంగా ఎందుకుంటుందో చెప్పడానికి జీన్స్ మనల్ని సముద్రపు రేవులో నిలబెడతాడు. కింద ఇనుప స్తంభాలు. పెద్ద అలలు వాటిని లెక్కచెయ్యవు; చీలినట్టే చీలి, దాటగానే ఒకటైపోతాయి. చిన్న అలలు మాత్రం స్తంభానికి తగిలి నలువైపులా చెదిరిపోతాయి. అలలంటే వెలుగు, స్తంభాలంటే గాలిలోని అణువులు. ఎరుపుది పెద్ద అల, నీలానిది చిన్నది. చెదిరిన నీలమే అన్ని దిక్కుల నుంచీ మన కంటికి చేరుతుంది. సమీకరణం ఒక్కటీ లేదు.

1949 మార్చి 28న బీబీసీ థర్డ్ ప్రోగ్రామ్‌లో ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ వంతు వచ్చింది. విశ్వానికి మొదలంటూ లేదన్నది ఆయన పక్షం. విశ్వం ఒకానొక క్షణంలో మొదలైందనే అవతలి వాదాన్ని శ్రోతల కళ్లకు కట్టించాలని దాన్ని ‘బిగ్ బ్యాంగ్’ అన్నాడు. వెక్కిరించాడని చాలామంది రాశారు. రేడియోలో బొమ్మ చూపలేం కనకే అలా అన్నానని హోయల్ చెప్పుకున్నాడు. ఆయన మాటే నమ్మబుద్ధవుతుంది. ఏమైతేనేం, తాను ఒప్పుకోని సిద్ధాంతానికి తానే నామకరణం చేశాడు. మన ‘మహా విస్ఫోటం’ అదే.

ఆ తగువు తేల్చింది కూడా రేడియో తరంగాలే. 1964లో న్యూజెర్సీలో శాస్త్రవేత్తలు పెంజియాస్, విల్సన్‌ల ఆంటెన్నాను ఎటు తిప్పినా ఒకటే రొద. లోపల కాపురం పెట్టిన పావురాలను తరిమారు, రెట్టలు కడిగారు. రొద పోలేదు. అది విశ్వం పుట్టినప్పటి వేడిలో మిగిలిన శేషం. హోయల్ పక్షం మళ్లీ కోలుకోలేదు.

ప్రసంగం తర్వాత నాటకం. మైకేల్ ఫ్రేన్ ‘కోపెన్‌హాగెన్’ 1998లో లండన్ రంగస్థలమెక్కింది, 2013లో బీబీసీ రేడియో 3కి వచ్చింది. 1941లో భౌతికశాస్త్రవేత్త హైజెన్‌బర్గ్ తోటి శాస్త్రవేత్త బోర్‌ను కోపెన్‌హాగెన్‌లో కలిసి ఏం మాట్లాడాడు? ఆ ఇద్దరూ, బోర్ భార్య మార్గరెటా, ముగ్గురూ చనిపోయాక ఆ రోజును మళ్లీ మళ్లీ నెమరేసుకుంటారు. చెప్పిన ప్రతిసారీ కథ మారుతుంది. అనిశ్చితి సూత్రం గురించి మాట్లాడుకోవడమే కాదు, కథ అల్లికే అనిశ్చితంగా ఉంది. పాత్రలన్నీ ఆత్మలే కాబట్టి రేడియోకి ఇంతకన్నా అనువైన నాటకం దొరకదు.

ఇక 2016 ఫిబ్రవరి 11న భౌతికశాస్త్రం తన గొంతు తానే వినిపించింది. దాదాపు 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతల రెండు కృష్ణబిలాలు కలిసిపోయిన అలజడిని, అంతకు ముందు ఏడాది సెప్టెంబరులో లైగో పరిశోధనశాల పట్టుకుంది. 0.2 సెకన్లలో 35 నుంచి 250 హెర్ట్జ్‌కు ఎగబాకిన ఆ గురుత్వ తరంగం మనిషి చెవి పట్టుకోగల శ్రేణిలోనే ఉంది. శాస్త్రవేత్తలు దాన్ని ధ్వనిగా మార్చి స్పీకర్లో పెట్టారు. మొదట ‘దబ్’ మని మొద్దు చప్పుడు. శ్రుతి పెంచి వినిపిస్తే, పిట్ట కూసినట్టు ఒక చిన్న ‘కువ్’.