బందరు రోడ్డు మీద ఒక మైదానం

మా ముగ్గురి వయసూ కలిపితే 140 దాటుతుంది. వెంట మగవాళ్లు లేరు, పిల్లల్లేరు. ఒక కారు, డబ్బా నిండా పులిహోర, బందరు లడ్డూల పొట్లం. వెళ్లింది తిరుపతీ కాదు, అన్నవరమూ కాదు. బెజవాడలో క్రికెట్ స్టేడియం చూడటానికి!

"ఆ గడ్డి చూడ్డానికి పెట్రోలు తగలేస్తారుటే?" అన్నారు మా అత్తగారు. ఆవిడకేం తెలుసు, అది 28 ఏళ్ల నాటి బాకీ అని!

కారు నడపడం వచ్చినామె కాపురం బందరులో. అందుకని అక్కణ్ణించే బయల్దేరాం. క్రికెట్ యాత్రకు అది మంచి శకునమే లెండి. 1932లో లార్డ్స్‌లో మన దేశం ఆడిన మొట్టమొదటి టెస్టుకు కెప్టెన్ అయిన సి.కె. నాయుడుగారు పుట్టింది నాగపూర్‌లోనైనా, పూర్వీకులది బందరే. ఈ మాట మగవాళ్లందరూ చెబుతారు. ఆయన కూతురు చంద్రా నాయుడుగారు 1977లో ఇండోర్‌లో మైకు ముందు కూర్చుని క్రికెట్ వ్యాఖ్యానం చెప్పారనీ, మన దేశంలో ఆ పని చేసిన తొలి మహిళ ఆవిడేననీ మాత్రం ఎవరూ చెప్పరు. నేనూ ఆలస్యంగానే తెలుసుకున్నాను.

పామర్రు దాటాం. ఉయ్యూరు దగ్గర చెరకు ట్రాక్టర్ల వెనక నత్తనడక. ఆ నడకలోనే పాత సంగతి బయటికొచ్చింది.

1997 డిసెంబరు. మేం బెజవాడలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉండేవాళ్లం. మహిళల ప్రపంచకప్పు మన దేశంలో జరుగుతోంది. 12వ తేదీ, శుక్రవారం, ఇందిరాగాంధీ స్టేడియంలో ఇంగ్లండుకూ పాకిస్తాన్‌కూ ఆట. ఇప్పుడు కారు నడుపుతున్న ఈ మహాతల్లి అప్పట్లో హాస్టల్ పెరట్లో టెన్నిస్ బంతితో బౌలింగ్ చేసేది. వాచ్‌మన్ కొడుకులు కూడా ఆవిడ బంతికి బెదిరేవాళ్లు. ముగ్గురం వెళ్లి అనుమతి అడిగాం.

"ఆడపిల్లలు స్టేడియానికేమిటి?" అన్నారు వార్డెన్‌గారు.

"అక్కడ ఆడేది ఆడపిల్లలేనండీ" అంది మా బౌలరమ్మ. అంతే, వారం రోజులు మాకు గేటు మూసేశారు.

మేం చూడని ఆ ఆటలో ఇంగ్లండు 50 ఓవర్లలో 2 వికెట్లకు 376 పరుగులు చేసింది. బార్బరా డేనియల్స్ ఒక్కతే 142, అదీ అవుట్ కాకుండా! పాపం పాకిస్తాన్ పిల్లలు చిత్తుగా ఓడిపోయారు. కాని నా మనసు ఎప్పుడూ వాళ్ల వైపే. షైజా, షర్మీన్ ఖాన్ అని ఇద్దరు అక్కచెల్లెళ్లు, సొంత దేశంలో ఆడవాళ్లకు క్రికెట్ ఏమిటని ఎందరు అడ్డుపడ్డా వినకుండా జట్టును కూడగట్టారు. ఆ ఏడాది జనవరిలోనే వాళ్లు మొదటిసారి అంతర్జాతీయ ఆట ఆడింది. అంత దూరం నుంచి ఆ పిల్లలు బెజవాడ దాకా రాగలిగారు. హాస్టల్ నుంచి బందరు రోడ్డు దాకా మేం వెళ్లలేకపోయాం!

ఆ స్టేడియం అనగానే ఇప్పటికీ అందరూ 2002 నవంబరు 24 గురించే చెబుతారు. చెరి మూడూ గెలిచాక ఆఖరి వన్డే. మార్లన్ శామ్యూల్స్ అజేయంగా 108 కొట్టాడు. మనవాళ్లు 135 పరుగుల తేడాతో ఓడారు. మా వారు ఆ ఓటమిని ఇప్పటికీ దిగమింగుకోలేదు. అంతకు 5 ఏళ్ల ముందే అక్కడ ఆడవాళ్లు ప్రపంచకప్పు ఆట ఆడారంటే, "నిజంగానా?" అన్నారు నన్ను అనుమానంగా చూస్తూ.

మేం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. కాపలా మనిషి, "ఇవాళేం మ్యాచ్ లేదమ్మా, సాయంత్రం రండి" అన్నాడు. సరే, అదే రోడ్డు పట్టుకుని, ఇబ్రహీంపట్నం దాటి మూలపాడు వెళ్లాం. కొండల నీడలో మైదానం. 2016 నవంబరులో మన అమ్మాయిలు వెస్టిండీస్‌తో మూడు వన్డేలూ గెలిచిందీ, ఆ వెంటనే మూడు టీ20లూ ఓడిందీ ఇక్కడే. అంతకు ముందు ఏడాదే ఈ బెజవాడ వైపు పిల్ల, ఆటో డ్రైవరుగారి కూతురు రావి కల్పన, భారతజట్టుకు వికెట్ కీపరయింది. 2025 నవంబరు 2న మన జట్టు ప్రపంచకప్పు గెలిచిన రాత్రి కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని టీవీలో చూస్తూ మా బౌలరమ్మ ఏడ్చిందట. సంతోషంతోనే అని చెప్పింది. నేను రెట్టించలేదు. డిగ్రీ పూర్తికాకుండానే ఆమెకు పెళ్లి చేసేశారు.

చెట్టు కింద పులిహోర తిని, సాయంత్రానికి మళ్లీ స్టేడియానికి వచ్చాం. ఈసారి లోపలికి వెళ్లనిచ్చారు. ఓ మూల పిల్లలు ఆడుకుంటున్నారు. టెన్నిస్ బంతి దొర్లుకుంటూ వచ్చి మా కాళ్ల దగ్గర ఆగింది. మా బౌలరమ్మ చెప్పులు విడిచింది, చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది, నాలుగడుగులు పరిగెత్తి చెయ్యి తిప్పి వేసింది. బ్యాటు పట్టుకున్న కుర్రాడు ఆడబోయాడు. వెనకాల నిలబెట్టిన ఇటుక పడిపోయింది.

కుర్రాడు బంతి తీసి మళ్లీ ఆమె వైపే విసిరాడు.

"ఆంటీ, ఇంకోటి వెయ్యండి!"