విదేశాలలో నివసించే విశ్రాంత గని కార్మికుల పింఛను : జీవన ధ్రువీకరణ, బ్యాంకు ఖాతాల నిర్వహణ

కమాన్‌పూర్ (పెద్దపల్లి జిల్లా) : సింగరేణి బొగ్గు గనులలో మూడు, నాలుగు దశాబ్దాలు పనిచేసి పదవీ విరమణ పొందిన కార్మికులు కమాన్‌పూర్, సెంటినరీ కాలనీ, గోదావరిఖని పరిసరాలలోనే సొంత ఇల్లు కట్టుకొని స్థిరపడడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. పిల్లలు ఉన్నత చదువులు చదివి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలలో ఉద్యోగాలు పొందిన కుటుంబాలలో ఈ ఆనవాయితీ మారుతున్నది. మనుమల ఆలనాపాలన నిమిత్తం ఆరు నెలలకని బయలుదేరిన దంపతులు రెండేళ్లు, మూడేళ్లు అక్కడే ఉండిపోవడం, కొందరు శాశ్వత నివాస హోదా పొందడం జరుగుతున్నది. పింఛను మాత్రం ఇక్కడి బ్యాంకు శాఖలోనే రూపాయలలో జమ అవుతున్నది.

విదేశంలో నివసించినంత మాత్రాన పింఛను హక్కు పోదు. అయినా పింఛను నిలిచిపోయిందన్న ఫిర్యాదులు వస్తూనే ఉంటాయి. జీవన ధ్రువీకరణ పత్రం సకాలంలో అందకపోవడం, అందిన పత్రంలోని పేరు పింఛను రికార్డులోని పేరుతో సరిపోలకపోవడం ఇందుకు సాధారణంగా కనిపించే కారణాలు. ఈ రెండింటినీ ప్రయాణానికి ముందే సరిచేసుకొనుటకు వీలున్నది.

పింఛను చెల్లించే సంస్థలు

ఒకే వీధిలో నివసించే విశ్రాంత ఉద్యోగులకు సైతం పింఛను చెల్లించే సంస్థలు వేర్వేరుగా ఉండడం ఈ ప్రాంతపు ప్రత్యేకత. సింగరేణి కార్మికులకు వర్తించునది 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకం. 1971 నాటి కుటుంబ పింఛను పథకం స్థానంలో 1998 మార్చి 31 నుంచి ఇది అమలులోకి వచ్చినది. కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ పరిధిలోని బొగ్గు గనుల భవిష్య నిధి సంస్థ (సీఎంపీఎఫ్) దీనిని నిర్వహిస్తున్నది. సంస్థ ప్రధాన కార్యాలయం జార్ఖండ్‌లోని ధన్‌బాద్‌లో ఉండగా, ఈ ప్రాంత కార్మికులకు గోదావరిఖనిలోని ప్రాంతీయ కార్యాలయం సేవలందిస్తున్నది. మూతబడిన ఎఫ్.సి.ఐ. ఎరువుల కర్మాగారం వంటి సంస్థలలో పనిచేసినవారు ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్ఓ) నిర్వహించే 1995 నాటి పథకం కిందికి వస్తారు. విశ్రాంత ఉపాధ్యాయులు, రెవెన్యూ, నీటిపారుదల శాఖల ఉద్యోగులకు రాష్ట్ర ఖజానా శాఖ ద్వారా పింఛను అందుతుంది.

ఈ తేడాను గుర్తించక ఒకరికి వర్తించే గడువును మరొకరు పాటించి నష్టపోవడం కద్దు. సీఎంపీఎఫ్ పింఛనుదారులు ఏటా నవంబరులో జీవన ధ్రువీకరణ పత్రం సమర్పించవలసి ఉంటుంది. ఈపీఎఫ్ఓ పింఛనుదారులు సంవత్సరంలో ఏ నెలలోనైనా సమర్పించవచ్చును. ఆ తేదీ నుంచి పన్నెండు నెలలు అది చెల్లుబాటు అవుతుంది. తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారులకు నవంబరు నుంచి మార్చి నెలాఖరు వరకు అవకాశం ఉన్నది.

రాష్ట్ర ప్రభుత్వ పింఛనుకు ఉన్నట్లు బొగ్గు గనుల పింఛనుకు కరవు భృతి లేదు. పదవీ విరమణ నాడు నిర్ణయమైన మొత్తమే ఏళ్ల తరబడి కొనసాగుతున్నది. చాలామంది పాత కార్మికులకు ఇది చిన్న మొత్తమే. ఇటువంటి పింఛను మూడు నెలలు ఆగితే, దానిని పునరుద్ధరించుకొనుటకు విమాన టిక్కెట్టుకయ్యే ఖర్చు ఆ బకాయికి ఎన్నో రెట్లుంటుంది. కనుక ప్రయాణం అవసరం లేని మార్గాలు తెలిసి ఉండడం ముఖ్యము.

విదేశం నుంచి జీవన ధ్రువీకరణ

కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరు 10న ప్రారంభించిన జీవన్ ప్రమాణ్ విధానంలో తొలుత వేలిముద్ర లేక కనుపాప ద్వారా ధ్రువీకరణ జరిగేది. ఏళ్ల తరబడి తట్ట, పార, డ్రిల్లు పట్టిన చేతుల వేలిముద్రలు యంత్రానికి అందకపోవడం గని కార్మికుల విషయంలో సహజం. 2021 నవంబరు 29న ప్రవేశపెట్టిన ముఖ గుర్తింపు పద్ధతితో ఈ ఇబ్బంది తొలగినది. ఆండ్రాయిడ్ ఫోనులో జీవన్ ప్రమాణ్ యాప్‌ను, ఆధార్ సంస్థ వారి ముఖ గుర్తింపు యాప్‌ను నింపుకొని కుటుంబ సభ్యుల సహాయంతో ఇంటి వద్దనే పత్రం పొందవచ్చును. ఇందుకు ఆధార్ తప్పనిసరి. భారతీయ పాస్‌పోర్టు కొనసాగుతున్నంత కాలం ప్రవాస భారతీయులు స్వదేశానికి వచ్చినప్పుడు, నిర్దిష్ట కాలం నివసించాలన్న నిబంధన లేకుండానే, ఆధార్‌కు దరఖాస్తు చేసుకొనవచ్చును. విదేశీ పౌరసత్వం స్వీకరించినవారికి మాత్రం అంతకు ముందు పన్నెండు నెలలలో 182 రోజులు భారతదేశంలో నివసించి ఉండాలన్న నిబంధన వర్తిస్తుంది.

ఫోనులో ప్రమాణ్ గుర్తింపు సంఖ్య రాగానే పని పూర్తయినట్లు భావించరాదు. పింఛను చెల్లింపు ఉత్తర్వు (పీపీవో) సంఖ్యలో ఒక అంకె తప్పినా, చెల్లింపు సంస్థగా సీఎంపీఎఫ్‌కు బదులు మరొకదానిని ఎంపిక చేసినా పత్రం తిరస్కరణకు గురవుతుంది. సంస్థ ఆమోదించినదీ లేనిదీ కొన్ని రోజుల తర్వాత జీవన్ ప్రమాణ్ వెబ్‌సైటులో సరిచూసుకొనవలెను.

ఆధార్ లేనివారికి కాగితపు పత్రమే ఆధారం. ఆయా దేశాలలోని భారత రాయబార కార్యాలయాలు, కాన్సులేట్లు పింఛనుదారులకు జీవన ధ్రువీకరణ పత్రాలు జారీ చేస్తాయి. నవంబరులో ఇందుకోసం ప్రత్యేక శిబిరాలు నిర్వహించే కాన్సులేట్లు కూడా ఉన్నవి. కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనలలో విదేశంలో ఉన్నవారి కొరకు మేజిస్ట్రేటు, నోటరీ, బ్యాంకరు, భారత దౌత్య ప్రతినిధి వీరిలో ఎవరు సంతకం చేసిన పత్రమైనా అధీకృత ప్రతినిధి ద్వారా సమర్పించే వీలు కల్పించబడినది. సీఎంపీఎఫ్ పింఛనుదారులు దౌత్య కార్యాలయం పత్రాన్నే ఎంచుకొనుట క్షేమకరం. దానిపై ప్రశ్నలు తక్కువ. ఆలస్యమైనచో పింఛను తాత్కాలికంగా నిలిపివేయబడినా, పత్రం అందిన పిదప బకాయిలతో సహా పునరుద్ధరించబడుతుంది.

పేర్ల తేడాలు

దరఖాస్తుదారులు ఎక్కువగా చిక్కుబడేది ఇక్కడే. సింగరేణిలో మారుపేర్ల సమస్య యాజమాన్యానికి, కార్మిక సంఘాలకు దశాబ్దాలుగా తెలిసినదే. ఒక పేరుతో ఊరిలో, మరొక పేరుతో గనిలో జీవితమంతా గడిపినవారు ఉన్నారు. ఇక్కడ ఉన్నంత కాలం బ్యాంకు సిబ్బందికి, ఇరుగుపొరుగు వారికి మనిషి తెలుసు గనుక పని జరిగిపోయేది. విదేశంలో కాన్సులేట్ అధికారి ముందున్నది పాస్‌పోర్టు ఒక్కటే. పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే పత్రం జారీ అవుతుంది. గోదావరిఖని కార్యాలయంలోని దస్త్రంలో ఉన్నది గని పేరు. అక్కడి గుమాస్తా ఆ పత్రాన్ని పక్కన పెట్టినందుకు ఆయనను తప్పుపట్టలేము.

మారుపేరు లేనివారికి సైతం చిన్న తేడాలుంటాయి. కంపెనీ రికార్డులో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. తెలుగు పేరును ఆంగ్లంలో రాయడంలో ఒక్కొక్క గుమాస్తాది ఒక్కొక్క పద్ధతి. ఉద్యోగంలో చేరినప్పుడు వయసు ధ్రువపత్రం లేక వైద్యులు అంచనా వేసిన వయసే నమోదైనవారికి పుట్టిన తేదీలోనూ తేడా ఉంటుంది. భార్య పేరు విషయంలో పొరపాట్లు మరింత ఎక్కువ. పిలుపు పేరుతో నమోదైన ఇల్లాలికి భర్త మరణానంతరం కుటుంబ పింఛను పొందడం కష్టమవుతుంది.

చిరునామా తేడా కూడా గమనించదగినది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం, 2016 అక్టోబరు 11న పెద్దపల్లి జిల్లా ఏర్పడినవి. కమాన్‌పూర్ మండలంలో ఉండిన సెంటినరీ కాలనీ పరిసరాలు కొత్త రామగిరి మండలంలో చేరినవి. ఆ విధంగా ఒకే ఇంటికి పాత పీపీవోలో కమాన్‌పూర్ మండలం, కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అనియు, ఆధార్‌లో రామగిరి మండలం, పెద్దపల్లి జిల్లా, తెలంగాణ అనియు రెండు చిరునామాలు కనిపిస్తాయి. జీవన ధ్రువీకరణకు ఇది అడ్డు కాకపోయినా, బ్యాంకులు ఖాతాదారుల వివరాలు నవీకరించే సమయంలో సంజాయిషీ అడిగే అవకాశం ఉన్నది.

అక్షరదోషాలు, పొడి అక్షరాల తేడాలను అఫిడవిట్‌తోను, సర్వీసు రికార్డులను నిర్వహించిన ఏరియా కార్యాలయం ద్వారా సవరణ ప్రతిపాదనతోను సరిచేసుకొనవచ్చును. మారుపేరు అంత సులభంగా తేలేది కాదు. వీసా చేతికి వచ్చిన తర్వాత మొదలుపెట్టిన సవరణ ప్రయాణం నాటికి పూర్తికావడం అరుదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేసే ముందే పీపీవో, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం ఒకచోట పెట్టుకొని పోల్చి చూసుకొనుట ఉత్తమం.

ఖాతా హోదా : సందర్శకులా, ప్రవాసులా

విదేశాలకు వెళ్లిన ప్రతివారూ ప్రవాసులు కారు. 1999 నాటి విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) ప్రకారం అంతకు ముందు ఆర్థిక సంవత్సరంలో 182 రోజులకు మించి భారతదేశంలో ఉన్నవారు సాధారణంగా నివాసులు. అయితే ఉద్యోగం, వ్యాపారం నిమిత్తం గాని, ఎంతకాలమన్న నిశ్చయం లేకుండా స్థిరపడే ఉద్దేశంతో గాని వెళ్లినవారు వెళ్లిన నాటి నుంచే ప్రవాసులవుతారు. అమెరికాకు సందర్శక వీసాపై వెళ్లి ఆరు నెలల లోపు తిరిగి వచ్చే తల్లిదండ్రుల ఖాతాలో ఏ మార్పూ అవసరం లేదు. గ్రీన్ కార్డుపై వెళ్లినవారి ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించవలెను. కెనడా వారి సూపర్ వీసా ఈ రెండింటి మధ్యది. 2022 జూలై నుంచి దానిపై ఒకే విడతలో ఐదేళ్ల వరకు ఉండవచ్చును. పేరుకు సందర్శనే అయినా రోజుల లెక్కలో అది ప్రవాసమవుతుంది.

ఎన్.ఆర్.ఓ. ఖాతాలో పింఛను, ఇంటి అద్దె, డిపాజిట్ల వడ్డీ యథావిధిగా జమ అవుతాయి. పింఛను వంటి వర్తమాన ఆదాయాన్ని పన్ను పోను విదేశానికి పంపుకొనవచ్చును. భవిష్య నిధి, గ్రాట్యుటీ, ఇల్లు అమ్మిన సొమ్ము వంటి నిల్వల నుంచి పంపుటకు ఆర్థిక సంవత్సరానికి 10 లక్షల డాలర్ల పరిమితి ఉన్నది. ఈ ఖాతా వడ్డీపై 30 శాతం, దానిపై సెస్సు చొప్పున మూలంలోనే పన్ను కోత ఉంటుంది. అమెరికా నివాసులు పన్ను నివాస ధ్రువపత్రం సమర్పించినచో ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ప్రకారం వడ్డీపై తక్కువ రేటు కోరవచ్చును. హోదా మార్చకుండా పాత ఖాతానే కొనసాగించి, నివాసులకు మాత్రమే వర్తించే వయోవృద్ధుల రాయితీలు పొందడం నిబంధనలకు విరుద్ధం. వయోవృద్ధుల పొదుపు పథకంలోనూ ప్రవాసులు కొత్తగా ఖాతా తెరువరాదు.

అమెరికాలో శాశ్వత నివాసులైన వారికి మరొక బాధ్యత ఉన్నది. ఆ దేశం వెలుపల ఉన్న ఖాతాలన్నింటి మొత్తం సంవత్సరంలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటినచో, ఎఫ్‌బార్ అనే వార్షిక నివేదికను అక్కడి ట్రెజరీ శాఖకు సమర్పించవలెను. నెల పింఛను చిన్నదే కావచ్చు గాని, పదవీ విరమణ నాడు వచ్చిన భవిష్య నిధి, గ్రాట్యుటీ డిపాజిట్లతో ఈ పరిమితి తేలికగా దాటుతుంది. ఈ నివేదిక పన్ను కట్టించుకొనుటకు కాదు. సమర్పించనివారిపై మాత్రం జరిమానా భారీగా ఉంటుంది.

ఫోను నంబరు, ప్రతినిధి

బ్యాంకు, ఆధార్ సందేశాలు వచ్చే భారతీయ ఫోను నంబరును కాపాడుకొనవలెను. 90 రోజులు వాడకం లేక, నిల్వ కూడా లేని ప్రీపెయిడ్ సిమ్ రద్దయ్యే అవకాశం ఉన్నది. రద్దయిన నంబరు మరొకరికి కేటాయించబడితే ఖాతా భద్రతకే ముప్పు. 2023 నుంచి అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా సహా పది దేశాల ఫోను నంబర్లతో ఎన్.ఆర్.ఓ. ఖాతాలకు యూపీఐ సౌకర్యానికి అనుమతి లభించినది. ఆధార్‌కు అనుసంధానించిన నంబరు అవసరం దానితో తీరదు.

ఏటీఎం కార్డును, రహస్య సంఖ్యను ఊరిలోని బంధువుకు ఇచ్చి వెళ్లడం వాడుకలో ఉన్నది. నమ్మకం ఉన్నా ఇది సరైన పద్ధతి కాదు. బ్యాంకుకు లిఖితపూర్వక అధికారం ఇవ్వవచ్చును, లేదా ఇక్కడి దగ్గరి బంధువును ఉమ్మడి ఖాతాదారుగా చేర్చవచ్చును. ఎన్.ఆర్.ఓ. ఖాతాలో అటువంటి బంధువు మొదటి ఖాతాదారు తర్వాతనే హక్కు పొందే విధంగా చేరుతారు. విదేశంలో రాసిన పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి భారత దౌత్య కార్యాలయంలో ధ్రువీకరింపజేసి, భారతదేశానికి చేరిన మూడు నెలలలోగా స్టాంపు రుసుము చెల్లించవలెను.

పింఛనుదారు విదేశంలో మరణించిన పక్షంలో ఆ విషయాన్ని బ్యాంకుకు, సీఎంపీఎఫ్ కార్యాలయానికి వెంటనే తెలియజేయవలెను. మరణానంతరం జమ అయిన పింఛను తిరిగి వసూలు చేయబడుతుంది. తెలిసి వాడుకున్నట్లు తేలితే కుటుంబ పింఛను మంజూరులో జాప్యం జరుగుతుంది. భారత పౌరుల మరణాన్ని అక్కడి దౌత్య కార్యాలయంలో నమోదు చేయించుకొనవచ్చును. ఆ ధ్రువపత్రం, పీపీవో, భార్య పేరిట బ్యాంకు ఖాతా వివరాలతో కుటుంబ పింఛనుకు దరఖాస్తు చేయవలసి ఉంటుంది. భార్యకు సొంత పేరుతో ఖాతా, పాన్ ఉన్నవో లేవో భర్త జీవించి ఉండగానే సరిచూసుకొనుట అవసరం. ఉమ్మడి ఖాతా ఉన్నచోట పింఛను అదే ఖాతాకు బదిలీ కావడం సులభమవుతుంది.